దానమ్మ లేచి నిలబడింది

దానమ్మ కుడిచేతి బొటనవేలు కొంగు అంచును నలుపుతోంది. మగవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న కృపావరం పాటల పుస్తకం తెరిచి పట్టుకుని, పాట వదిలేసి ఆ వేలినే చూస్తున్నాడు. ఆ వేలు అలా కదిలిందంటే భార్య బయటికి వెళ్ళాలి. ఆ సంగతి నోటితో చెప్పడం ఆగిపోయి ఏడాది దాటింది. ఇప్పుడు వేలొక్కటే చెబుతుంది, అదీ చూసేవాడు చూస్తేనే. ఇంట్లో అయితే చూడగానే లేపుతాడు, బాత్రూం దాకా నడిపిస్తాడు, సగం సార్లు అందుకుంటారు, సగం సార్లు అందుకోరు. ఇక్కడ ఇద్దరి మధ్యా నడవ ఉంది. రెండు చేతులూ చాపితే అటూ ఇటూ అందేంత నడవ. దానికి ఇటు మగవాళ్ళు, అటు ఆడవాళ్ళు. దొరలు కట్టిన చర్చి ఇది. దొరలు వెళ్ళిపోయారు, పెంకులు తీసేసి శ్లాబు వేశారు, హార్మోనియం పోయి కీబోర్డు వచ్చింది, ఈ పద్ధతి మాత్రం పోలేదు. పెళ్ళి రోజున తప్ప మొగుడూ పెళ్ళాం ఒక వైపు ఉండడం ఈ గోడల మధ్య ఎవరూ చూడలేదు. దానమ్మ కుర్చీ ఆడవాళ్ళ వైపు ముందు వరసలో, కిటికీ పక్కన ఉంది. తలుపేమో చర్చికి వెనక వైపు ఉంది. మరుగుదొడ్డి తలుపు దాటి, పంపు దాటి, పాస్టరు అయ్యగారి ఇంటి వెనక ఉంది. కుర్చీ వెనక వేయించమని ఆయన చెప్పాడు, వేశారు కూడా. కానీ దానమ్మ పాదాలు లోపలికి వచ్చాక ముందుకే వెళతాయి, స్త్రీల సమాజం పెద్దగా ఇన్నేళ్ళు ఆవిడ కూర్చున్న చోటికే వెళతాయి. ఆపితే అక్కడే ఆగిపోతాయి. ఆగాక వెనక్కీ రావు.

పొద్దున డైపరు వేసి ఉంటే ఈ వేలు ఎంత నలిపినా ఆయనకి పట్టేది కాదు. తాడేపల్లిగూడెం నుంచి కూతురు స్నేహలత వచ్చినప్పుడు ప్యాకెట్టు తెచ్చి బీరువా పక్కన పెట్టింది. "నాన్నా, ఇంట్లో మీ ఇష్టం. చర్చికి వెళ్ళేప్పుడు మాత్రం వెయ్యండి. అమ్మ పరువు కోసమండీ." పరువు. ఇవాళ పొద్దున వేయబోయాడు. దానమ్మ కాళ్ళు బిగించింది. కాలు పక్కకి జరపబోతే కాలు ఎదురు తోసింది, ఇంకొంచెం గట్టిగా జరపబోతే ఇంకొంచెం గట్టిగా తోసింది, వదిలేస్తే వదిలేసింది. కావాలని కాదండీ అది, మీరు ఎంత బలంగా లాగితే కండ అంత బలంగా ఎదురొస్తుంది, ఆవిడ చేతిలో లేదు అని ఏలూరు డాక్టరు చెప్పాడు. ఆ మాట పొద్దున గుర్తు లేదు. మొదటి గంట కొట్టేశారు, చీర ఇంకా కట్టలేదు, తొడిగిన జాకెట్టు చేతులు మడత పడ్డాయి. డైపరు మంచం మీదికి విసిరి, "సరే, నీ ఇష్టం, పద" అన్నాడు. అరిచాడు. ఆవిడ మొహంలో ఏమీ మారలేదు. ఈ మధ్య ఆ మొహంలో ఏదీ మారదు, నవ్వు వచ్చినా కళ్ళ దగ్గరే ఆగిపోతుంది, బుగ్గల దాకా రాదు. అరిస్తే ఏడ్చినా బాగుండేది. ఏడిస్తే ఊరుకోబెట్టడం వచ్చు.

ఇంటి నుంచి చర్చికి రెండు వీధులు. పాదం నేల మీద నుంచి లేవదు, చెప్పు నేలకి రాసుకుంటూ వెళుతుంది, ఆ రాపిడి చప్పుడు వినలేక చెప్పులు తీయించేశాడు. చేతులు రెండూ పక్కలకి అంటుకుని ఉంటాయి, ఊగవు. మనిషి నడుస్తుంటే చేతులు ఊగుతాయన్న సంగతే దానమ్మ చేతులు ఊగడం మానేశాక ఆయన గమనించాడు. సిమెంటు రోడ్డు అయిపోయి చర్చి వాకిట్లో గచ్చు మొదలయ్యే చోట ఆగింది. గచ్చు రంగు వేరు, అంతే. గొయ్యి లేదు, మెట్టు లేదు. వెనక నుంచి వస్తున్న కనకరాజు నిలబడి చూసి, "ఏంటండీ బావగారూ, మా చెల్లెమ్మ అలిగిందా? పొద్దున్నే ఏం అన్నారేంటి?" అన్నాడు. నలుగురు నవ్వారు. మంచివాడే కనకరాజు, వరసకి బావమరిది, ఆ మాట సరదాకే అన్నాడు. కానీ నాలుగేళ్ళ నుంచి ఎవరు చూసినా ఇదే. అలిగింది, మొండికేసింది, నడవాలనుకుంటే నడుస్తుంది, మీరు గారాబం చేస్తున్నారు. కృపావరానికి కూడా అలాగే అనిపిస్తుంది, అదీ అసలు చిక్కు. వంటింటి గడప దగ్గర పాతుకుపోయిన మనిషి, పిల్లి అడ్డం వస్తే చప్పున దాటేసింది ఒకరోజు. ఏది నమ్మాలి?

ముప్ఫై ఏళ్ళు ఏలూరు, కైకలూరు రూటులో బస్సు నడిపాడు ఆయన. స్త్రీల సమాజం వాళ్ళు కొల్లేటి లంకల్లో ఇంటింటి ప్రార్థనలకి ఆ బస్సులోనే వెళ్ళేవారు. దానమ్మ డ్రైవరు భార్యనని ముందు సీటులో ఎప్పుడూ కూర్చోలేదు. చిన్న ఎడ్లగాడి వంతెన దగ్గర బస్సు పూర్తిగా ఆగకముందే దిగేసేది. అద్దంలో చూసేవాడు, దిగడం, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని గట్టు మీదికి వెళ్ళిపోవడం, వెనక తక్కినవాళ్ళు ఆవిడని అందుకోలేక కేకలు వేయడం. తొందరలో కిందపడతావని ఎన్నిసార్లు తిట్టాడో. బస్సులో ముసలివాళ్ళు దిగడానికి ఆలస్యం చేస్తే కండక్టరు గొణిగేవాడు, తను స్టీరింగు మీద వేళ్ళతో కొట్టేవాడు. ఒకసారి పెదపాడు దాటాక ఒక ముసలాయన ఫుట్‌బోర్డు మీద అలాగే నిలబడిపోయాడు, కాలు కిందికి పెట్టడు, వెనక్కి రాడు. హారన్ కొట్టాడు. ఆ ముసలాయన మోకాళ్ళు కావచ్చు, కళ్ళు కావచ్చు, దానమ్మకి వచ్చిన ఈ జబ్బే కావచ్చు. ఇప్పుడెందుకు ఆ ముసలాయన. వేలు. వేలు ఆగిందా? లేదు, ఇంకా నలుపుతోంది. పాట రెండో చరణంలో ఉంది. ఇంకో రెండు చరణాలు.

మతిమరుపు జబ్బు అన్నారు మొదట. మతి వరకే అనుకున్నాడు. పేర్లు మరిచిపోవడం, కూరలో ఉప్పు రెండుసార్లు వేయడం, స్నేహలతని చూసి మీరెవరి అమ్మాయండీ అనడం, వాటన్నిటికీ సిద్ధపడ్డాడు. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. కాళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు. నడక నెమ్మదించినప్పుడు వయసన్నాడు తను. భుజం వంగినప్పుడు బలహీనత అన్నాడు అల్లుడు ప్రదీప్, టానిక్కు పంపాడు. తిరగడానికి అయిదారు అడుగులు పడుతున్నాయని చూశాక మళ్ళీ ఏలూరు వెళ్ళారు. డాక్టరు ఆవిడ మోచేతిని మడిచి చాపి చూశాడు, నడిపించి చూశాడు, వెనక నుంచి భుజాలు పట్టి చిన్నగా లాగి చూశాడు, పడబోతే పట్టుకున్నాడు. "ఈ జబ్బులో కొంతమందికి నడక కూడా ఇలా అవుతుందండి. బిగుసుకుపోవడం, నెమ్మదించడం." అయితే ఇది వణుకుడు జబ్బా అండీ? "అది వేరు. కానీ పోలికలుంటాయి." రాత్రిళ్ళు లేచి తలుపులు బాదుతోందని మీరిచ్చిన మాత్ర వల్లనా అండీ? "కొంత దాని వల్ల కూడా కావచ్చు. తగ్గించి చూద్దాం." తగ్గించారు. చేయి కొంచెం వదులైంది, కాళ్ళు అలాగే ఉన్నాయి. మరి మిగిలింది జబ్బేనా? "అలాగే అనుకోవాలండి. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇలా నడక మారినవాళ్ళలో మిగతా జబ్బు కూడా కాస్త తొందరగా ముదురుతూ ఉంటుంది." ఎంత తొందరగా అండీ? "అది చెప్పలేమండి. ఒక్కొక్కరికి ఒక్కోలా." కొంత, కావచ్చు, చెప్పలేం. బ్రేకు పట్టకపోతే లైనింగో డ్రమ్మో ఏదో ఒకటి పోయిందని విప్పి చూసేవారు డిపోలో. కొల్లేరు పొంగి రోడ్డు మునిగితే బస్సుని ఇవతలే ఆపి కొలబద్ద చూస్తూ కూర్చునేవారు, బద్ద మీద గీత కనిపించగానే బండి తీసేవారు. ఇక్కడ కొలబద్ద లేదు. నిన్న దాటిన గడప ఇవాళ దాటదు, రేపు దాటుతుంది, ఎల్లుండి పడిపోతుంది.

చర్చిలో పక్కన కూర్చోనివ్వమని అడిగాడు. పెద్దల దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని మరీ అడిగాడు. వాళ్ళు ఆలోచించారు, టీ ఇచ్చారు. "ఈ ఒక్కరికీ ఇస్తే రేపు కుర్ర జంటలన్నీ అడుగుతాయండీ కృపావరంగారూ" అన్నారు. కుర్ర జంటలు! తను అరవై ఎనిమిదేళ్ళవాడు, పెళ్ళానికి మూత్రం వస్తే లేపడానికి పక్కన కూర్చుంటానన్నాడు. ఆ మాట అలాగే అనలేక "సహాయంగా ఉంటుందని" అన్నాడు. సహాయానికి కెజియాని పెట్టారు. కెజియా పక్కింటి పిల్ల, దానమ్మక్కా అంటుంది, ప్రేమ ఉంది. లాగొద్దమ్మా, రెక్క పట్టుకుని లేపొద్దమ్మా, ముందుకి వంగనిచ్చి అప్పుడు లేపమ్మా అని చెప్పాడు. అలాగే బావగారండీ అంది. ప్రతివారం రెక్క పట్టుకునే లాగుతుంది.

ఇక వెస్లీ అయ్యగారు. వచ్చి రెండేళ్ళయింది, చిన్నవాడు, వాక్యం బాగా చెబుతాడు. ఆయన వరండాలో కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాడు కృపావరం. మెదడు జబ్బండి, జ్ఞాపకంతో మొదలై ఇప్పుడు నడక దాకా వచ్చిందండి అన్నాడు. అయ్యగారు తల ఊపాడు, చేయి పట్టుకున్నాడు. తరవాతి ఆదివారం మైకులో, "మన దానమ్మగారి మోకాళ్ళ కోసం భారంతో ప్రార్థన చేద్దాం" అన్నాడు. ఆరాధన అయ్యాక అడిగాడు కృపావరం, మోకాళ్ళని నేను చెప్పలేదు కదండీ అని. "పెద్దాయనా, మెదడంటే జనం వేరేగా అనుకుంటారండీ. మోకాళ్ళంటే అందరికీ ఉన్నవే" అన్నాడు. అప్పటి నుంచి ఊరంతా మోకాళ్ళే. నువ్వుల నూనె రాయండి, జిల్లేడాకు కట్టండి, పాలకొల్లులో ఒకాయన పట్టీ వేస్తాడండి. ఒకరిద్దరికి మళ్ళీ చెప్పి చూశాడు. విన్నారు, అయ్యో అన్నారు, మోకాళ్ళు ఎలా ఉన్నాయన్నారు. వాళ్ళకి తెలియక కాదు. తెలిసీ, మర్యాదకి. ఆ మర్యాద మీదే ఆయనకి ఒళ్ళు మండుతుంది. కోపం వస్తే ఎవరినని కొట్టాలి?

పాట అయింది. వేలు ఇంకా ఆడుతోంది. ఇప్పుడే లేపాలి, సాక్ష్యాలు మొదలుకాకముందు. కెజియా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. కెజియా ఈయన వైపు చూడదు. ఎందుకు చూడదో వెంటనే అర్థమైంది. మగవాళ్ళ వైపు లేచి నిలబడినవాడు ఏసుకుమార్, కెజియా మొగుడు. సాక్ష్యం చెప్పదలచినవాళ్ళు ఉన్నచోటే లేచి నిలబడాలి, మైకు వాళ్ళ దగ్గరికి వస్తుంది, అది ఇక్కడి పద్ధతి. ఒకసారి లేచాక చెప్పకుండా కూర్చోకూడదు. దేవుడు చేసిన మేలు చెప్పడానికి సిగ్గుపడినట్టు లెక్క. ఏసుకుమార్‌కి ఏ సిగ్గూ లేదు. కౌలుకి తీసుకున్న చేపల చెరువు, మూడు రోజుల మబ్బు, తెల్లవారేసరికి నోళ్ళు తెరుచుకుని పైకొచ్చిన చేపలు, చెరువు గట్టు మీద మోకరించడం. "నా మనసులో ఒక స్వరం వినపడిందండీ, ఏసుకుమార్, ఏరేటరు వెయ్యి అని. ఆ గాలి మిషను వెయ్యబోతే కరెంటు లేదండీ. అప్పుడు నేను..." కెజియా నోరు తెరుచుకుని వింటోంది, ఆ తెల్లవారుజామున గట్టు మీద తనూ ఉన్నదే, అయినా వింటోంది. "క్లుప్తంగా, సహోదరా" అన్నాడు అయ్యగారు. "క్లుప్తంగానే అండీ. అప్పుడు నేను జనరేటరు కోసం..." కృపావరం మోకాళ్ళ మీదికి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఇప్పుడు తను లేస్తే తరవాతి సాక్ష్యం తనదవుతుంది. వంగి నడవ దాటి వెళితే? పోయినసారి అలా వెళితే ఆవిడ తనని చూసి ఉలిక్కిపడి ఒక్కసారిగా లేవబోయి పక్కకి ఒరిగింది, కిటికీ ఊచ తగిలి నుదురు చిట్లింది. పద్ధతి తప్పినందుకే అని ఎవరూ అనలేదు. అనుకున్నారు. గాలి వచ్చింది, చేపలు బతికాయి, దేవునికి స్తోత్రం. స్తోత్రం అన్నారు అందరూ. "ఇంకెవరైనా ఉన్నారా?"

దానమ్మ లేచి నిలబడింది.

ఎవరూ పట్టుకోలేదు. కెజియా చేయి వేయలేదు. కుర్చీ చేతుల మీద తన చేతులు ఆనించి, ముందుకి వంగి, లేచింది. ఇంట్లో ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టి, వంచి, నడుం కింద చేయి పెట్టి, ఒక్కోసారి మూడు నాలుగు సార్లు ప్రయత్నిస్తే తప్ప లేవని మనిషి. కృపావరానికి గుండె ఒక్కసారి పైకి లేచింది. వెనకే కోపం. వచ్చన్నమాట! లేవడం వచ్చన్నమాట! మరి రోజూ నా నడుం ఎందుకు విరగ్గొడుతున్నావు? ఆ కోపం పూర్తిగా రాకముందే చూశాడు, ఆవిడ అడుగు వేయబోయింది. మడమ లేచింది, వేళ్ళు లేవలేదు. మడమలు రెండూ సన్నగా వణుకుతున్నాయి, వేళ్ళు చాపకి అంటుకుని ఉన్నాయి. ఒళ్ళు ముందుకి, పాదాలు అక్కడే. అంతే, ఆగిపోయింది. ఆ వణుకు ఆయనకే తెలుసు. మిగతావాళ్ళకి కనిపించింది లేచి నిలబడిన దానమ్మ.

"దేవునికి స్తోత్రం!" అన్నాడు అయ్యగారు. నిజంగా సంతోషించాడు. "చాలా కాలం తరవాత మన తల్లిగారు సాక్ష్యం చెప్పడానికి లేచారు. చప్పట్లతో దేవుని ఘనపరుద్దాం." చప్పట్లు. ఆడవాళ్ళ వైపుకి మైకు దీవెన అమ్మగారు తీసుకెళుతుంది, అయ్యగారి భార్య. "కాదండీ" అన్నాడు కృపావరం. చప్పట్లలో కనకరాజుకి కూడా వినపడలేదు. అమ్మగారు మైకు దానమ్మ అరచేతికి అందించింది. అరచేతికి తగలగానే వేళ్ళు మూసుకున్నాయి.

ఇది కొత్తది. ఈ రెండు నెలల నుంచే. అరచేతికి ఏది తగిలితే దాన్ని పట్టుకుంటుంది, పట్టుకున్నదాన్ని వదలడం ఆవిడకి రాదు. మొదటిసారి ఏలూరు బస్టాండులో, డాక్టరు దగ్గర నుంచి వస్తూ. ఎక్కుతూ తలుపు పక్క కడ్డీ పట్టుకుంది, వదల్లేదు. వెనక జనం, ముందు కండక్టరు, ఎక్కండమ్మా లోపలికి వెళ్ళండమ్మా అంటూ. వేళ్ళు ఒక్కొక్కటే విప్పబోయాడు, విప్పిన వేలు మళ్ళీ మూసుకుంది. డ్రైవరు హారన్ కొట్టాడు. తన కంటే ముప్ఫై ఏళ్ళు చిన్నవాడు, తను ఎవరో వాడికి తెలియదు, అలాగే కొట్టాడు, తను కొట్టినట్టే. ఆ రోజు బస్సు దిగిపోయి ఆటో చేసుకున్నారు.

మైకులో దానమ్మ ఊపిరి వినిపిస్తోంది. లోపల స్పీకర్లలో, పైన శ్లాబు మీది గొట్టంలో, పేటలో, రోడ్డు మీద టీకొట్టు దాకా, ఊపిరి. జనం ఎదురుచూస్తున్నారు. ఆవిడ సాక్ష్యం చెబితే ఒకప్పుడు మగవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకునేవారు. "చెప్పక్కా" అంది కెజియా. "వందనాలు అనక్కా, ముందు వందనాలు అను." "తొందరేం లేదమ్మా" అన్నాడు అయ్యగారు. "కూర్చోపెట్టండి, కాళ్ళు నొప్పెడతాయి" అంది వెనక నుంచి ఒకామె. "చెప్పకుండా ఎలా కూర్చుంటారే" అంది పక్కామె. అమ్మగారు మైకు నోటికి దగ్గరగా జరపబోయింది, చేయి ఎదురు తోసింది. ఇంకొంచెం జరపబోయింది, ఇంకొంచెం తోసింది. కిటికీలో నుంచి వచ్చిన ఎండ దానమ్మ మొహం మీద ఉంది, ఆ మొహంలో ఏమీ లేదు. వేలు లేదు ఇప్పుడు, మైకుని పట్టుకున్న చేతిలో బొటనవేలు కలిసిపోయింది, ఇక చెప్పేదేమీ లేదు, ఎంతసేపు ఆగగలదో ఆయనకి కూడా తెలియదు. లే. లేవవయ్యా. నలభై రెండేళ్ళు కాపురం చేసి నడవ దాటడానికి ఎవరి సెలవు కావాలి?

"ఏవండీ" అంది దానమ్మ.

మైకులో. ఊరంతటికీ. పేరు పెట్టి కాదు, బతుకంతా వంటింట్లో నుంచి పిలిచిన పిలుపు, నలుగురిలో ఎప్పుడూ పిలవని పిలుపు. ఆడవాళ్ళ వైపు ఎవరో కిసుక్కున నవ్వారు, మగవాళ్ళ వైపు గట్టిగానే నవ్వారు. "బావగారూ, మిమ్మల్నేనండోయ్" అన్నాడు కనకరాజు.

కృపావరం లేచాడు. కాలు తిమ్మిరెక్కి ఉంది. నడవ దాటాడు, ఆడవాళ్ళ చాప మీద కాలు పెట్టాడు, ఆడవాళ్ళు కాళ్ళు ముడుచుకున్నారు, ఒకామె కొంగు తల మీదికి లాక్కుంది. దానమ్మ ముందు నిలబడ్డాడు. ఆవిడ చూపు ఆయన గుండీ మీద ఉంది. మైకు ఇద్దరి మధ్యలో ఉంది. అయ్యగారికి మామూలుగానే చెప్పబోయాడు గానీ మైకు అక్కడే ఉంది కాబట్టి మాట పైన గొట్టంలో నుంచి వచ్చింది. "సాక్ష్యం కాదండీ అయ్యగారూ. ఆవిడ ఒంటికెళ్ళాలి."

ఈసారి నవ్వు రాలేదు. దీవెన అమ్మగారు తల దించుకుంది. కెజియా నోటి మీద చేయి వేసుకుంది, లేవబోయి, రెక్క పట్టుకోబోయి, ఆయన చూసిన చూపుకి చేయి వెనక్కి తీసుకుంది. ఏసుకుమార్ ఇంకా నిలబడే ఉన్నాడు, చటుక్కున కూర్చున్నాడు. అయ్యగారు ఒకసారి తలుపు వైపు చూశాడు, తలుపు దాకా ఉన్న నడవ పొడుగు చూశాడు. "అందరం కళ్ళు మూసుకుందాం" అన్నాడు. "తలలు వంచి, కళ్ళు మూసుకుని, ప్రార్థనలో ఉందాం. ఎవరూ కళ్ళు తెరవద్దు." తలలు వంగాయి.

దానమ్మ చేతి వెనక నిమిరాడు కృపావరం. వేళ్ళు విప్పబోతే బిగుస్తాయి, వెనక నిమిరితే వదులుతాయి, బస్టాండు తరవాత ఎన్నో చెంచాలూ గ్లాసులూ పట్టుకుని వదలకపోయాక తెలిసిన సంగతి. వేళ్ళు వదిలాయి. మైకు కళ్ళు మూసుకున్న అమ్మగారి చేతిలో పెట్టాడు. ఇక తిప్పాలి. లంకల్లో గట్టు మీద బస్సు తిప్పినట్టే, కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి, ఒక పాదం, ఇంకో పాదం, మళ్ళీ మొదటి పాదం. "పరలోకమందున్న మా తండ్రీ, నీ బిడ్డ దానమ్మను నీ సన్నిధిలో జ్ఞాపకం చేసుకుంటున్నాం. ఆమె మోకాళ్ళను ముట్టుము తండ్రీ." మోకాళ్ళు! ఇప్పుడు కూడా! ఆయన పళ్ళు కొరికాడు. మోకాళ్ళు కాదయ్యా అని అరవాలనిపించింది. అరిస్తే ఆవిడ ఆగిపోతుంది. నడవలోకి వచ్చారు. పాదాలు గచ్చు మీద రాసుకుంటున్నాయి, ఆ చప్పుడు ప్రార్థన కంటే గట్టిగా వినిపిస్తోంది. రెండో వరస. మూడో వరస. మోకాళ్ళు అయిపోయాయి, అయ్యగారు సంఘంలోకి వెళ్ళాడు, రోగుల్లోకి, విధవరాండ్రలోకి, పరీక్షలు రాసే పిల్లల్లోకి. అయ్యగారి ప్రార్థనలు పొడుగని ప్రతి ఆదివారం గొణిగేవాడు కృపావరం, అన్నం చల్లారిపోతుందండీ అని పెద్దల దగ్గర అన్నాడు కూడా. ఇంకా చెయ్యవయ్యా. చేపల చెరువులు ఉన్నాయి, కాలవలు ఉన్నాయి, రోడ్లు ఉన్నాయి, ప్రభుత్వం ఉంది, ఆపకు. చేపల చెరువుల దగ్గరికి వచ్చాడు అయ్యగారు. మధ్యలో ఒక క్షణం గొంతు ఆగింది, కన్ను తెరిచి చూశాడేమో, ఇంకా సగమే వచ్చారని తెలిసిందేమో, "మరియు తండ్రీ, మా మండలాన్ని" అని ఎత్తుకున్నాడు. పెదపాడు అయింది, ఏలూరు అయింది, ఉంగుటూరు, దెందులూరు అయ్యాయి, ఆయన బస్సు ఎప్పుడూ వెళ్ళని ఊళ్ళు కూడా అయ్యాయి. చివరి వరసలో కళ్ళు మూసుకోని పసిబిడ్డ ఒకటి తల్లి ఒళ్ళో నుంచి వాళ్ళనే చూస్తోంది.

"ఆమేన్" అన్నాడు అయ్యగారు. ఇక ఆయన దగ్గర ఊళ్ళు లేవు. ఆమేన్ అన్నారు అందరూ. తలలు లేవబోయాయి. "ప్రభువా" అని ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు వచ్చింది, కెజియాది. "ప్రభువా, మా దానమ్మక్క..." అంది, తరవాత ఏమనాలో తెలియక ఆగి, మళ్ళీ ప్రభువా అంది. తలలు మళ్ళీ వంగాయి.

గడప వచ్చింది. చెక్క గడప, ఎత్తు లేదు, పాదాల రాపిడికి మధ్యలో గుంట పడింది. అవతల ఎండ, గచ్చు, పంపు, అయ్యగారి ఇంటి గోడ. దానమ్మ గడప చూసింది. మడమలు లేచాయి, వణికాయి. వేళ్ళు లేవలేదు. "దాటు" అన్నాడు మెల్లగా. "దానమ్మా, దాటు. ఇంతే. వచ్చేశాం." లాగకూడదు, లాగలేదు. తోయకూడదు, తోయలేదు. నాలుగేళ్ళుగా నేర్చుకున్నవన్నీ చేయకూడనివే, చేయాల్సింది ఒక్కటీ ఎవరూ చెప్పలేదు. ఒకటి రెండు మూడు అన్నాడు. లోపల కెజియా ప్రభువా అంటూనే ఉంది. ఆయన పాదం మీద వెచ్చగా తగిలింది. కిందికి చూశాడు. చీర అంచు నుంచి కారి, గడప గుంటలో నిండి, గచ్చు మీదికి పారుతోంది.

అయిపోయింది. ఇక తొందర లేదు. డైపరు మంచం మీద ఉంది. కోపం వస్తుందని చూశాడు, ఎవరి మీదైనా సరే, డాక్టరు మీద, అయ్యగారి మీద, పెద్దల మీద, ఈ మనిషి మీద. వచ్చింది కూడా, గొంతు దాకా వచ్చింది.

"ఏవండీ" అంది దానమ్మ. మైకు లేదు, ఆయనకే వినిపించింది.

"ఏంటి?"

ఆవిడ తల కొద్దిగా ఎత్తింది. మొహంలో ఏమీ లేదు గానీ గొంతులో విసుగు ఉంది. ఎప్పటి విసుగో, బస్సు ఆలస్యంగా తెచ్చిన రోజు విసుగు, అన్నానికి పిలిచినా లేవని రోజు విసుగు. "నడవరేంటండీ? ఎంతసేపు అలా నిలబడతారు? జనం చూస్తున్నారు."

కృపావరం వెనక్కి చూశాడు. ఎవరూ చూడడం లేదు. తలలన్నీ వంగి ఉన్నాయి.

"నడుస్తున్నానే" అన్నాడు. తన కాలు ఎత్తి గడప అవతల పెట్టాడు. రెండో కాలు ఇవతలే ఉంచి, ఆవిడ అడుగు కోసం ఆగాడు.